డెబ్బైమూడు నమూనా ఎందుకు ఇరుక్కుంది

1 నవంబర్ 2023, బుధవారం

హయాత్ బాషా అన్న మెడకు ఉచ్చు బిగించినవాడు జగన్మోహనరావు. ఈ మాట ముందే రాసి పెట్టుకుంటున్నాను. రేపు నా కోపం చల్లారి, "పాపం, ఆయన ఇబ్బందులు ఆయనవి" అని నేనే అనకుండా ఉండాలి కదా.

పోయిన శనివారం, దుబాయ్‌లో మా షూటింగ్ క్లబ్బు పోటీలో, పెద్ద ముదీర్ అంటే క్లబ్బు పై డైరెక్టరు, ఆయన స్నేహితుడి చేతిలో లీవర్ రైఫిల్ ఇరుక్కుంది. రెండు తూటాలు బాగానే పేలాయి. మూడోదానికి లీవర్ సగం దిగి ఆగిపోయింది. తెలిసినవాడైతే రైఫిల్ బల్ల మీద పెట్టి చెయ్యెత్తుతాడు. ఈయన సినిమాలు చూసి తుపాకీ పట్టినవాడు. పిడికిలితో లీవర్ మీద ఒక్క గుద్దు గుద్దాడు. అది ఉన్నట్టుండి వదిలింది, వెనక నుంచి బయటికొచ్చే కడ్డీ బొటనవేలి కణుపు మీద తగిలింది. చర్మం చీలింది, కుట్లు పడ్డాయి. అంతే జరిగింది. మా ఊళ్లో కొబ్బరికాయ కొడుతూ ఇంతకన్నా పెద్ద దెబ్బలు తగిలించుకుంటారు.

జగన్మోహనరావు మా క్లబ్బు మేనేజరు. కాకినాడ మనిషి. పెద్ద ముదీర్ ఒక పేరు అడిగాడు, ఈయన ఇచ్చాడు. కిందున్నవాడి పేరు పైవాడికి అందించడమే ఈయన ఉద్యోగం. "ఆయుధశాల నిర్లక్ష్యం" అని రాశాడు. ఆయుధశాల అంటే ఎవరు? పద్దెనిమిదేళ్లుగా ఆ గదిలో తుపాకులు విప్పి బిగించే ఒకే ఒక్క మనిషి, మా బాషా అన్న. పద్నాలుగో తేదీ మంగళవారం పది గంటలకు విచారణ. ఆ మాట నిలబడితే వీసా రద్దు. ఆయుధం విషయంలో నిర్లక్ష్యం అని ముద్ర పడ్డవాడికి ఈ దేశంలోనే కాదు, ఏ దేశంలోనూ ఎవడూ మళ్లీ స్క్రూడ్రైవర్ కూడా చేతికివ్వడు. ప్రొద్దుటూరులో కూర్చుని తాళాలు బాగుచేసుకోవాలి.

నేను ఆ పోటీలోనే ఉన్నాను. ఖాళీ తూటాలు ఏరేవాడి వంక ఎవడు చూస్తాడు. నన్ను ఒక్క ప్రశ్న అడిగినవాడు లేడు.


2 నవంబర్

అన్న ఈరోజు కూడా నోరు విప్పలేదు. టీలో చక్కెర తక్కువైందని మాత్రం అరిచాడు.


4 నవంబర్, శనివారం

మనుషులు చదవరు. ఈ క్లబ్బులో రోగం అదొక్కటే.

మూడు లీవర్ రైఫిళ్లున్నాయి. సభ్యులు మూడింటినీ "కౌబాయ్" అంటారు. జగన్మోహనరావు "ఆ మూడూ" అంటాడు, ఇంట్లో కుర్చీల గురించి చెప్పినట్టు. పెట్టెల్లో వాటితో పాటు వచ్చిన కరపత్రాలు అట్ట కూడా విప్పకుండా పడున్నాయి. వాటిని చదివినవాణ్ణి నేనొక్కణ్ణే. జమ్మలమడుగులో బస్టాండు పక్క బల్ల మీద అమ్మే చిన్న పుస్తకాలు చదివే నేను మనిషినయ్యాను. శ్రమ గురించి, హక్కుల గురించి, మూఢత్వం గురించి. కాలేజీ నాకేమీ నేర్పలేదు. ముప్పై పేజీల పుస్తకం చాలు, చదివేవాడికి కళ్లుంటే.

రాసుకుంటాను, విచారణకు పనికొస్తుంది.

మూడింటికీ తూటాలు గొట్టం కింద వరసగా, ఒకదాని వెనక ఒకటి పడుకుని ఉంటాయి. లీవర్ కిందికి లాగితే వరసలో మొదటి తూటా పైకి లేవాలి, లీవర్ మూస్తే అది గొట్టంలోకి పోవాలి. అంతవరకూ మూడూ ఒకటే. తూటాను పైకి లేపే పద్ధతి దగ్గరే వేటి దారి వాటిది.

డెబ్బైమూడు నమూనాలో, అంటే 1873లో పుట్టినదాంట్లో, ఇత్తడి దిమ్మ ఒకటుంటుంది. బావిలో బకెట్టులా నిలువునా లేస్తుంది, నిలువునా దిగుతుంది. ఆ దిమ్మలో ఒక తూటాకి సరిపడా చోటు. సరిగ్గా ఒక తూటా. తూటా పొట్టిదైతే మిగిలిన చోటులోకి వెనకున్న తూటా మడమ పెడుతుంది. ఇంకేముంది, దిమ్మ లేవబోతుంది, వెనకది అడ్డం పడుతుంది, లీవర్ ఆగుతుంది. ఇటు బకెట్టు, అటు గట్టు, మధ్యలో కాలు.

తొంభైరెండు నమూనా అలాంటిది కాదు. దాంట్లో దిమ్మ లేదు, ఒక పక్క మడతపడి పైకెత్తే చిన్న పళ్లెం ఉంది. వెనక తూటాను ఆపడానికి వేరే కొక్కెం ఉంది. కొలత కొంచెం అటూ ఇటూ అయినా సర్దుకుపోతుంది. పైగా లీవర్ దించితే కింద తెరుచుకుంటుంది, పైనుంచి చూస్తే నేల కనిపిస్తుంది. తొంభైనాలుగుది పొడుగు తూటా, దాని సంసారమే వేరు, మన గొడవకు సంబంధం లేదు.

ఇప్పుడు అసలు మాట. డెబ్బైమూడుకీ తొంభైరెండుకీ ఒకే వెడల్పు తూటా. కానీ ఆ వెడల్పులో మా దగ్గర రెండు రకాలున్నాయి. ఒకటి పొడుగు. రెండోది పిస్తోలు వాళ్ల కోసం తెచ్చిన మొద్దుమొహంది, పొట్టిది. తొంభైరెండు దాన్ని ఎలాగో మింగుతుంది. డెబ్బైమూడుకు అది పడదు.

పోయిన శనివారం ఇరుక్కున్నది డెబ్బైమూడు.

ఇంక చెప్పాల్సిందేముంది. పొట్టి తూటా వల్ల జరిగింది. యంత్రం తప్పూ కాదు, అన్న తప్పూ కాదు. నా దగ్గర నిజం ఉంది. వీళ్లెవరి దగ్గరా లేదు.


5 నవంబర్

అన్నను ఒప్పించడానికి పొద్దున సగం పట్టింది. "ఊరికే ఉండు రా, చైతన్యా" అంటాడు, అంతకు మించి ఒక్క ముక్క లేదు. మౌనంగా ఉంటే గొప్పవాళ్లమవుతామని మా సీమవాళ్లకు ఎవడో చెప్పినట్టుంది.

చివరికి పేలని ఉత్తుత్తి తూటాలు ఇచ్చాడు, పొట్టివీ పొడుగువీ. బల్ల మీద డెబ్బైమూడు పెట్టి పొట్టివి నింపాను. లీవర్ లాగాను. మొదటిది కూడా లేవలేదు. సగంలోనే గట్టిగా ఆగిపోయింది, నేను రాసింది రాసినట్టే. పొడుగువి నింపాను. అన్నీ వచ్చాయి, చిలక పలుకుల్లా ఒకటి తర్వాత ఒకటి. తొంభైరెండులో పొట్టివి కూడా వచ్చాయి, ఒకటి మాత్రం ముక్కు కిందికి పెట్టి తన్నుకుంది.

"చూశావా అన్నా" అన్నాను.

అన్న పళ్లెంలో తూటాలు ఏరుకుంటూ, "చూసినా. సినిమా బాగుంది" అన్నాడు.

ఎగతాళి. తన పీకల మీదికి వచ్చినప్పుడు కూడా ఎగతాళి. సరే, రక్షణ కోరనివాణ్ణి కూడా రక్షించాలని నేను చదువుకున్నాను.


6 నవంబర్, సోమవారం

జగన్మోహనరావు గదికి వెళ్లాను. ఏసీ ఎక్కువ పెట్టుకుని, స్వెట్టరు వేసుకుని కూర్చునే మనిషి. అంతా చెప్పాను. డెబ్బైమూడు, తొంభైరెండు, దిమ్మ, పళ్లెం, పొట్టి, పొడుగు. నిలబడే చెప్పాను. కూర్చోమని ఆయన అనలేదు, అన్నా కూర్చునేవాణ్ణి కాదు.

చాలా శ్రద్ధగా విన్నాడు. ఆ శ్రద్ధ చూసే నాకు అర్థమై ఉండాల్సింది. మధ్యలో రెండు సార్లు "మళ్లీ చెప్పు" అన్నాడు. కాగితం మీద బొమ్మ గీసి చూపించమన్నాడు. గీశాను కూడా. బకెట్టు, బావి, అంతా.

అప్పుడు కళ్లద్దాలు తీసి తుడుచుకుంటూ, "చాలా బాగా చెప్పావు బాబూ. మాకు ఇదే తెలియక చస్తున్నాం. అయితే ఆ నమూనాకి పొట్టి తూటా ఇవ్వకూడదన్నమాట. మరి తూటాలు ఎవరిస్తారు మన దగ్గర?" అన్నాడు.

నేను గీసిన బొమ్మ వంక చూశాను.

తూటాలిచ్చేది ఆయుధశాల. ఆయుధశాల అంటే బాషా అన్న.

"నిర్లక్ష్యం అని ఒక మాట రాస్తే పెద్ద ముదీర్‌కి చాల్లేదయ్యా. ఎలా జరిగిందో చెప్పండి అంటున్నాడు. నువ్వు చెప్పావు" అన్నాడు. నేను గీసిన బొమ్మను సొరుగులో పెట్టుకున్నాడు.

నక్క.


7 నవంబర్

నేను చెప్పింది నిజం. నిజం చెప్పడం తప్పు కాదు.

నిజాన్ని వాడుకున్నవాడిది తప్పు.

నిజం చెప్పడం తప్పు కాదు.


8 నవంబర్, బుధవారం

మధ్యాహ్నం జెబెల్ అలీలో మా సిబ్బంది గదుల దగ్గర బస్సు దిగగానే అన్న నా చెయ్యి పట్టుకుని నీళ్ల ట్యాంకు వెనక్కి లాక్కెళ్లాడు. అంత కోపంగా ఎప్పుడూ చూడలేదు.

"నేను పొడుగువే ఇచ్చినా రా. చేత్తో లెక్కబెట్టి ఇచ్చినా. నువ్వు పోయి, నేను పొట్టివి ఇచ్చినానని సాక్ష్యం చెప్పొచ్చినావు" అన్నాడు.

నేనలా చెప్పలేదన్నాను. రావు అలా తిప్పుకున్నాడన్నాను.

"తిప్పేదానికి పిడి పెట్టిచ్చింది ఎవురు?"

అంత కోపంలో ఉన్నవాడితో వాదించకూడదు. అయినా పొడుగువి ఇస్తే ఎందుకు ఇరుక్కుంటుంది, బల్ల మీద అన్నీ వచ్చాయి కదా అన్నాను. నా నిజం మీద నాకింకా నమ్మకం ఉంది.

అన్న ట్యాంకు గోడకు ఆనుకున్నాడు. తర్వాత చెప్పాడు. మొత్తం చెప్పాడు.

అక్టోబర్ ఇరవైమూడు, సోమవారం. క్లబ్బుకు సెలవు. ఆయుధపూజ. ఏటా చేస్తారు. ఆయుధశాలలో తలుపు మూసుకుని చేస్తారు. చేయించేది జగన్మోహనరావు. తాళం తీసి తుపాకులు బయట పెట్టేది హయాత్ బాషా. టీ ఇచ్చే పేరమ్మ పులిహోర, డ్రైవర్ ఆదిశేషు పూలు, వంటగదిలో, కౌంటర్లో ఉండే మనవాళ్లు మరికొందరు. నన్నూ పిలిచారు. నేను వెళ్లలేదు. ఇనుముకు బొట్టు పెట్టి దండం పెట్టేవాళ్లు వెర్రివాళ్లని మొహం మీదే చెప్పాను. ఆ రోజు గదిలో పడుకుని పుస్తకం చదువుకున్నాను.

పూజకు ముందు అన్నీ శుభ్రం చేస్తారు. విప్పి, తుడిచి, నూనె రాసి, బిగించి పెడతారు. బొట్టు పెట్టాక ఆ రోజంతా పనిముట్టు ముట్టరు. ఇది మా తాతల కాలం పద్ధతి. నాగలి దగ్గర అయినా, కొడవలి దగ్గర అయినా ముందు కడుగు, తర్వాత పూజ. ఆ తర్వాత ఎవరూ కడగరు. పూజ చేసినదాన్ని కడగడమేంటి.

ఇంకో పద్ధతి క్లబ్బుది. పెట్టెలోంచి బయటికి తీసిన ఏ తుపాకీ అయినా నోరు తెరిచి ఉంచాలి, లోపల తూటా లేదని అందరికీ కనబడాలి. అందుకని అన్న మూడు లీవర్ రైఫిళ్లనూ లీవర్లు దించి, నోళ్లు తెరిచి, వరసగా పడుకోబెట్టాడు. రెండు పద్ధతులూ పాటించాడు పాపం. మా తాతలదీ, క్లబ్బుదీ.

లీవర్ దింపితే డెబ్బైమూడులో దిమ్మ పైకి లేచి నిలబడుతుంది. జగన్మోహనరావు మంత్రాలు చదివి గుప్పెడు అక్షింతలు చల్లాడు. పసుపు, నెయ్యి కలిపిన బియ్యం. తొంభైరెండులో పడ్డవి కింది సందులోంచి రాలిపోయాయి. డెబ్బైమూడులో కిందికి దారి లేదు. లీవర్ మూయగానే దిమ్మ దిగింది, దాని అంచున అంటుకున్న గింజలనూ వెంటబెట్టుకుని దిగింది.

"పైన పడ్డవి తుడిచినా. లోపలికి పోయింటాయని తోచలే. పూజకు ముందు రోజే విప్పి కడిగినా కదా, ఇంగ శనివారం మళ్లీ విప్పేదేముందని ఉత్త లీవర్ ఆడించి చూసినా. ఆడింది. తూటాల బరువు మీద పడే తలికి గింజ జరిగి దిమ్మకూ గోడకూ మధ్యన చీల మాదిరి కూర్చున్నింది" అన్నాడు.

శనివారం సాయంత్రం పక్క రేకు విప్పితే రెండు పసుపు గింజలు, ఒకటి నలిగి పిండయిన గింజ. తుడిచి పారేశాడు.

పారేశావా అన్నాను.

"మరి బొట్టు పెట్టి దాచుకోవాల్నా?"

ఎందుకు చెప్పలేదని అడిగాను. అడగడం కాదు, అరిచాను. అనుమతి లేకుండా తుపాకులు బయట పెట్టడం ఎంత తప్పో నాకు తెలుసు కదా అన్నాడు. ఆయుధశాలలోకి రాకూడనివాళ్లందరూ ఆ రోజు లోపల ఉన్నారు. తాను నోరు విప్పితే పేరమ్మ దగ్గర్నుంచి అందరూ ఒకే విమానంలో ఇంటికి పోతారు. "పెండ్లికి వచ్చినోళ్లను జైలుకు పంపినట్టుంటాది" అన్నాడు.

నువ్వు ముసల్మానువి, నీకెందుకన్నా ఆ పూజ అని కూడా అడిగేశాను. అన్న చూసిన చూపు రాయడం నాకు చేతకాదు. తన స్క్రూడ్రైవర్ పెట్టెకు రావు గారు ఏటా మొదటి బొట్టు పెడతాడట. ప్రొద్దుటూరులో తన నాయన కమ్మరి కొలిమి దగ్గర కూడా పెట్టేవాళ్లట. "నా పెట్టె, నా బొట్టు. నీకేం పోయింది" అన్నాడు.

నాకు పోయిందేమీ లేదు. ఒక పెద్దమనిషి రెండు గింజల కోసం పోతున్నాడు, అంతే.


9 నవంబర్

మూఢత్వం యంత్రంలో ఇరుక్కుంది. ఇంతకన్నా మంచి ఉదాహరణ ఏ చిన్న పుస్తకంలోనూ చదవలేదు.

ఈ వాక్యం రాసి చాలాసేపు సంతోషంగా ఉన్నాను. తర్వాత అన్న భోజనానికి రాలేదని తెలిసింది.


10 నవంబర్, శుక్రవారం

నేను చూడలేదు. ఇదీ చిక్కు. ఆ గదిలో నేను లేను. మంగళవారం వెళ్లి "అక్షింతలు పడ్డాయి" అంటే, నువ్వు చూశావా అంటారు. నేను సూత్రం కోసం వెళ్లనివాణ్ణి. వెళ్లినవాళ్లే చెప్పాలి. ఏ గొర్రెల మందను చూసి నవ్వుకున్నానో ఆ మందే వచ్చి చెప్పాలి.

బతిమాలడం కాదు, తెలియజేయడం అనుకుని పేరమ్మ దగ్గరికి వెళ్లాను. అమలాపురం వైపు మనిషి. క్లబ్బులో టీ, బాత్రూములు ఆమె చూస్తుంది. తుడుపుకర్ర ఆపకుండా మొత్తం విన్నది. విన్నాక బకెట్టు పక్కకు జరిపి, నన్ను తడి నేల మీద నిలబెట్టే మాట్లాడింది.

"ఆ రోజు పిలిత్తే ఏమన్నావు బాబూ? ఇనుముకి దణ్ణం పెట్టే ఎర్రోళ్లన్నావు. పులిహోర పంపితే తిన్నావు గానీ."

తిన్నానన్నాను. ఆకలేసిందన్నాను.

"ఇప్పుడు ఆ ఎర్రోళ్లే వచ్చి పెద్దోళ్ల ముందు నిలబడాలా?"

నిలబడాలి అన్నాను. వర్గం, ఐక్యత, భయం గురించి కూడా కొంత చెప్పాను. ఆ మాటలు తుడుపుకర్రకు తగిలి అక్కడే ఆగిపోయాయి.

ఆమె మాటల్లో ఒక్కటే ఉంది, అది భయం. నాలుగేళ్లుగా ఇంటికి పోలేదు. ఈ పని పోతే ఇంకో ఇంట్లో వంటకు కుదరాలి, ఆ ఇంట్లో ఏం జరుగుతుందో ఆమెకు తెలుసు, ఒకసారి పడింది. హయాత్ భాయ్ అంటే ఆమెకు అన్న లెక్క. అయినా ఒక్కదానివల్ల ఏమవుతుంది, నేనొక్కదాన్నీ పోయి చెప్తే నన్నొక్కదాన్నే పంపేస్తారు అన్నది.

ఒక్కదానివే కాదు, అందరూ వస్తే అన్నాను.

"అందర్నీ ఎవరు పిలుత్తారు?"

నేను అన్నాను.

ఆమె నవ్వింది. చెడ్డగా కాదు, అలసిపోయి నవ్వింది.


11 నవంబర్, శనివారం

జగన్మోహనరావు నన్నే పిలిపించాడు. పేరమ్మ ఎవరితోనో అన్నది, అది ఆయన దాకా చేరింది. ఇక్కడ గోడలకు చెవులు లేవు, నాలుకలున్నాయి.

ఈసారి కూర్చోమన్నాడు. కూర్చోలేదు.

అక్షింతల సంగతి తనకు తెలుసా అని సూటిగా అడిగాను. తెలియదని చెప్పలేదు. అది మాత్రం ఒప్పుకోవాలి, అబద్ధం చెప్పలేదు.

"అయుండొచ్చు. చూడు బాబూ, నేను చెప్పేది విను. రేపు అది బయటపడిందనుకో. ఆయుధశాలలో పూజ అని తెలిస్తే ముందు నేను పోతాను. సరే, నేను పోయినా బాధ లేదు. నా తర్వాత వచ్చేవాడు తెలుగువాణ్ణి ఒక్కణ్ణయినా ఉంచుతాడా? మీ అందర్నీ తెచ్చిందే నేను. హయాత్ పోతే ఒక్కడు పోతాడు. ఇది చెబితే అందరూ పోతారు. లెక్క వేసుకో."

లెక్క. ఎంత శుభ్రమైన మాట. పదిమందిని కాపాడడానికి ఒకణ్ణి తోసేయడం అంటే ఆయనకు త్యాగమట. త్యాగం చేసేవాడు ఆయన, అయ్యేవాడు ఇంకొకడు.

"హయాత్ ఒప్పుకున్నాడయ్యా. నీకేం మధ్యలో?" అన్నాడు.

అదే నన్ను కాల్చింది. అన్న ఒప్పుకున్నాడట. అంటే ఇద్దరూ మాట్లాడుకున్నారు. బొట్టు పెట్టినవాడూ పెట్టించుకున్నవాడూ కూర్చుని, ఎవరు పోవాలో పెళ్లి సంబంధంలా మాట్లాడుకున్నారు.

"మీరు చల్లారు" అన్నాను.

"నేను దేవుడికి చల్లాను" అన్నాడు. కళ్లద్దాలు తీసి బల్ల మీద పెట్టాడు. నాకు జాలి కలగలేదు. కలగబోతే ఆపేశాను.

బయటికొచ్చి అన్నను అడిగాను, నిజమేనా అని. బిగిస్తున్న మరమేకు వైపే చూస్తూ, "పిల్లోనివి. ఊరికే ఉండు" అన్నాడు. మళ్లీ ఊరికే ఉండు. వీళ్ల దేశభాషే అది.


12 నవంబర్, ఆదివారం

దీపావళి. ఆదిశేషు వ్యాన్‌లో బర్ దుబాయ్ తీసుకెళ్లాడు, స్వీట్లు కొనడానికి. అందరూ కొత్త చొక్కాలు, సందుల్లో దీపాలు, ఒకటే గోల. అన్న రాలేదు.

వ్యాన్‌లో తిరిగొచ్చేటప్పుడు అందరి ముందూ చెప్పాను. వివరంగా కాదు. మంగళవారం అన్న ఒక్కడే లోపలికి పోతున్నాడు, అక్షింతల సంగతి మీ అందరికీ తెలుసు అన్నాను. మైసూర్‌పాకు డబ్బా ఒకడి ఒళ్లో ఉంది, వాడు మూత తీస్తూ పెడుతూ ఉన్నాడు.

ఆదిశేషు అద్దంలోంచి నా వైపు చూసి, "నువ్వు మాత్రం దర్జాగా ఉంటావులే, ఆ రోజు నువ్వు లేవు. నువ్వు సేఫు" అన్నాడు.

వాడన్నది తప్పని నిరూపించే వాక్యం జమ్మలమడుగు బల్ల మీది ఏ పుస్తకంలోనూ దొరకలేదు.

బస్సు షెల్టర్ దగ్గర దిగాక పేరమ్మ వెనక నుంచి వచ్చి నా చొక్కా పట్టుకుని ఆపింది. "వ్యాన్‌లో గొణగడం కాదు అబ్బాయ్. పిలిచేవాడివైతే పేరు పెట్టి పిలు, అందరికీ కనపడేట్టు పిలు. నీ పేరు కింద పెట్టు. పిలిచినోడు దాక్కుంటే వచ్చినోళ్లు ఎర్రోళ్లవుతారు" అన్నది.

మళ్లీ అదే మాట వాడింది. వాడాల్సిన చోటే వాడింది.


13 నవంబర్, సోమవారం

అందర్నీ పేరు పెట్టి పిలవబోతున్నానని అన్నకు చెప్పాను. తిట్టాడు. నాలుగు రకాలుగా తిట్టాడు, ప్రొద్దుటూరు తిట్లు, రాయను. చివర్న, "నువ్వు పిలిస్తే ఎవురొస్తారు రా" అన్నాడు. అది తిట్టు కాదు, అడగడం. వస్తారని ఎక్కడో ఒక మూల అనుకోకపోతే అలా అడగడు.

ఎవరొస్తారో నాకూ తెలియదు. పేరమ్మ రావచ్చు. ఆదిశేషు రాడు, వాడు పిరికివాడు. లేకపోతే వాడే ముందొస్తాడు. ఈ మనుషుల గురించి ఇన్నాళ్లూ నేను రాసుకున్నవాటిలో ఏది నిజమో రేపు తేలుతుంది.

సెలవు రోజున బొట్టు పెట్టుకుని తలుపు మూసుకున్న ఆ మూఢత్వం మీద నాకు ఇప్పటికీ గౌరవం లేదు. రేపు అక్కడ నిలబడినా ఉండదు. కానీ ఆ గదిలో నేను లేనని చెప్పి ఇవతల నిలబడే హక్కు కూడా నాకు లేదు. పంపిన పులిహోర తిన్నాను. ఎవరు చేశారో తెలిసి తిన్నాను. పిలిస్తే వెళ్లని తప్పుకు ఎవరూ శిక్ష వెయ్యరు, అదే నాకు ఒళ్లు మండిస్తోంది.

మా సిబ్బంది గ్రూపులో పెట్టడానికి రాసింది ఇది. జగన్మోహనరావు కూడా ఆ గ్రూపులోనే ఉన్నాడు. ఉండనీ.

పేరమ్మ గారికి, ఆదిశేషుకి, వంటగదిలోవాళ్లకు, కౌంటర్లోవాళ్లకు, జగన్మోహనరావు గారికి.

అక్టోబర్ ఇరవైమూడున ఆయుధశాలలో పూజ జరిగింది. తుపాకులు బయట పెట్టింది ఒకరు, అక్షింతలు చల్లింది ఒకరు, చూస్తూ నిలబడింది అందరూ. డెబ్బైమూడు నమూనా దిమ్మ పక్కన దొరికినవి ఆ అక్షింతలే. తూటా పొట్టిదనే మాట నేను చెప్పింది. అది ఆ రోజు జరిగింది కాదు, నేను ఊహించింది. మేనేజరు గారి సొరుగులో ఉన్న బొమ్మ నాది, దాన్ని వెనక్కి తీసుకుంటున్నాను.

రేపు పది గంటలకు హయాత్ బాషా అన్న ఒక్కడే లోపలికి పోతే ఒక్కడే బయటికి పోతాడు. అందరం పోతే అందర్నీ ఏం చేస్తారో నాకు తెలియదు. భయంగానే ఉంది. మీకూ ఉంటుంది. అయినా రండి.

ఆ గదిలో లేనివాణ్ణి నేనొక్కణ్ణే. లేనని చెబుతాను, మీ పక్కన నిలబడే చెబుతాను.

రేపు మంగళవారం, పొద్దున తొమ్మిదిన్నరకు, ఆఫీసు మెట్ల దగ్గర. యూనిఫాంలో రండి.

నాగచైతన్య